అజ్మత్ బీ అంచు

మార్కండేయ గల్లీ మొదట్లోనుంచే అరుచుకుంటూ వచ్చాడు. చేతిలో జానెడు పొడుగు చెక్క కారు, మెడలో తువ్వాల, ముఖం కందగడ్డలా ఎర్రగా. కామారెడ్డి స్టేషన్ వెనక గల్లీలో ఎవరి గొంతు లేచినా భూదవ్వ బీడీల చాట పక్కకు జరిపి గుమ్మంలోకి వచ్చి నిలబడేది. పరాయివాళ్ళ కొట్లాట చూడడానికి ఆమె ఏనాడూ సిగ్గుపడలేదు. తన కొట్లాటలు గల్లీ అంతా చూస్తున్నప్పుడు, గల్లీ కొట్లాటలు తాను చూస్తే తప్పేమిటనేది.

మార్కండేయకు సొంత అంబాసిడర్ ఉండేది. కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ మధ్య టాక్సీ తిప్పేవాడు. పైసగం మీగడ రంగు, కిందిసగం చిలకపచ్చ. ఆ రోజుల్లో ఆ ఊళ్ళో బండి కొన్నవాళ్ళకు ఒక ముచ్చట ఉండేది. అచ్చం తమ బండిలాంటి చిన్న బండి చేయించుకొని, ముందర గదిలో అద్దాల బీరువాలో పెట్టుకోవాలి. వచ్చినవాళ్ళు చూడాలి, చూసి అడగాలి, అడిగితే చెప్పుకోవాలి. చెక్కతో బండి ఒళ్ళు చెక్కేది వడ్రంగి స్వామిదాసు. దానికి రంగులు వేసేది అజ్మత్ బీ. ఆమె మొగుడు అబ్బాస్ కువైట్‌లో డ్రైవరు. ఆమె బిడ్డ తాహేరాతో ఆ గల్లీలో, భూదవ్వ ఇంటికి ఎదురుగా ఉండేది.

అప్పటిదాకా భూదవ్వ ఆ మనిషిని లెక్కలోకి తీసుకోలేదు. నెత్తిమీద కొంగు జారనివ్వదు, నల్లాకాడ నీళ్ళు పట్టేటప్పుడు ఎవరితో మాటకు దిగదు. నోట్లో నాలుక లేని మనిషి, ఇలాంటిదానికి ఇద్దరు రెండు మాటలంటే మూడోరోజు పుట్టింటికి పోతుంది అనుకునేది.

మార్కండేయ ఆ ఇంటి ముందు నిలబడి కారును పైకెత్తి పట్టుకున్నాడు. కుడిపక్క బాగానే ఉందట. ఎడమపక్క వెనక తలుపు దగ్గర మీగడ రంగు పచ్చలోకి జారిందట. రెండు రంగులు కలిసేచోట అంచు దారం పట్టినట్టు నిక్కంగా ఉండకపోతే ఇదేం పని, బీరువాలో పెట్టుకుంటే చుట్టాలు నవ్వరా, మళ్ళీ చేసిస్తేనే తీసుకుంటాను, లేకపోతే నీ దగ్గరే పెట్టుకో అన్నాడు. ఆ మాటలు కొన్ని భూదవ్వ నోటికి కూడా వచ్చేవి కావు, అంత గట్టిగా అన్నాడు.

అజ్మత్ బీ తలుపు చాటునుంచి ఒక్క మాటే చెప్పింది. బండిని తీసుకురా అంది.

గల్లీ ఇరుకు. అంబాసిడర్ మలుపు దగ్గరే ఆగిపోయింది. అజ్మత్ బీ కొంగు బిగించి, గడప దాటి, నడిఎండలో గల్లీ అంతా నడిచి వెళ్ళింది. వెనక భూదవ్వ, భూదవ్వ వెనక ఇంకా సగం గల్లీ. ఆమె చెక్క కారును పెద్ద కారు ముందరి రేకుమీద పెట్టి, పెద్ద కారు ఎడమపక్కకు పోయి నిలబడింది. వెనక తలుపు దగ్గర మీగడ రంగు వేలెడు కిందికి జారి ఉంది. పోచారం దారిలో ఓ రాత్రి బర్రె అడ్డమొచ్చి తగిలితే, రేకు కొట్టించి, ఎవడితోనో రంగు పూయించిన చోటు అది. రోజూ ఆ తలుపు తీసి మనుషుల్ని ఎక్కించేవాడే, మార్కండేయ ఏనాడూ చూడలేదు.

చూశాక కూడా తగ్గలేదు.

“నేను బండిని చెయ్యమన్న బీబీ. బండికి తగిలిన దెబ్బను చెయ్యమన్ననా?”

“గిసొంటి అంబాసిడర్లు ఊర్ల ఎన్ని లేవన్నా? ఆ దెబ్బ లేకుంటే, ఇది మా ఇంటిదే అని నీ పెండ్లాం ఎట్ల గుర్తువడుతది?”

ముందు నవ్వింది భూదవ్వే. తర్వాత గల్లీ నవ్వింది. మార్కండేయ తలుపును తువ్వాలతో ఒకసారి తుడిచి చూశాడు, తుడిస్తే పోతుందేమో అన్నట్టు. తర్వాత చెక్క కారును తువ్వాలలో చుట్టుకొని బండెక్కాడు. ఆ తర్వాత ఎల్లారెడ్డి పోయే ప్రతివాడికీ ఆ తలుపు చూపించి, మా ఇంట్లో ఉన్న చిన్న బండికి కూడా ఈ దెబ్బ ఉంది తెలుసా అని చెప్పుకున్నాడని విన్నారు.

ఆ సాయంత్రం భూదవ్వ పొయ్యిలోకి నిప్పు కావాలని అజ్మత్ బీ ఇంటికి పోయింది. తన పొయ్యి మండుతూనే ఉంది, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అజ్మత్ బీ పుట్టింది ఎల్లారెడ్డిలో. తండ్రి పెండ్లిళ్ళకు ఇచ్చే రేకుపెట్టెల మీద రంగులు వేసేవాడు. గులాబీలు, చిలకలు, జెండాలు. పెట్టె మూత ఒక రంగు, ఒళ్ళు ఒక రంగు, రెండు కలిసేచోట నల్లటి గీత. రంగులు కలిసేచోట కుంచె అటూ ఇటూ పోతుంది గనక ఆ తప్పు కప్పడానికి ఆ నల్లగీత. రంగు పనివాళ్ళందరూ చేసేది అదే. లారీలమీద చూడు, బోర్డులమీద చూడు, అదే. అజ్మత్ బీ చిన్నప్పటినుంచి తండ్రి పక్కన కూర్చొని ఆ నల్లగీతలు గీసింది. పెండ్లయి కామారెడ్డి వచ్చాక కుంచె మూలన పడింది.

అబ్బాస్ కువైట్ పోయిన మరుసటేడు, ఊరికి వస్తున్న ఒకతని చేతికి బిడ్డకోసం ఓ ఆటబండి ఇచ్చి పంపాడు. ఇనుపది, పిడికెడంత. పైన తెలుపు, కింద ఎరుపు. తాహేరా ఒకరోజు ఆడింది. మర్నాటినుంచి ఆ బండి తల్లి చేతిలోనే ఉంది. తెలుపూ ఎరుపూ కలిసేచోట గోరు పెట్టి రాసి చూసేది. నల్లగీత లేదు. కుంచె జాడ లేదు. ఒక రంగు అయిపోయింది, ఇంకో రంగు మొదలైంది, అంతే. నల్లగీత పెట్టడమంటే అంచు పట్టడం మాకు రాదని ఒప్పుకోవడమేనని ఆనాడే తెలిసిందని అజ్మత్ బీ భూదవ్వతో చెప్పింది. తండ్రిని తప్పు పట్టినట్టు కాదు గానీ, ఆ మాట అనేటప్పుడు ఆమె ముఖం చూడాలి.

అప్పటినుంచి స్వామిదాసు దగ్గర చెక్క బండ్లు తెచ్చుకొని నేర్చుకోవడం మొదలుపెట్టింది. లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, ముందు లేత రంగు వేసి ఆరబెట్టేది. తర్వాత లేత రంగు నిలవాల్సినంత మేర కాగితం అతికించి మూసేసి, మిగిలినచోట ముదురు రంగు వేసేది. చెబితే ఇంతే. చేస్తే వేరు. హైదరాబాద్ నుంచి తెప్పించిన జిగురుపట్టీ వేస్తే, తీసేటప్పుడు కింది రంగును కూడా ఊడబెరికింది. గంజితో కాగితం అతికిస్తే, ముదురు రంగు కాగితం కిందికి పాకి, అంచు పొడుగునా చీమకాళ్ళలా చారలు పడ్డాయి, వాటిని సన్న కుంచెతో ఒక్కొక్కటే దిద్దుకోవాల్సి వచ్చేది.

ఆ మొదటి సాయంత్రం భూదవ్వ నిప్పు అడగడం మరిచిపోయి, ఆ కాగితం ముక్కలు చేతిలోకి తీసుకుంది.

“ఏంది, గిది ఎలుక కొరికిందా, నువ్వు కత్తిరించినవా?”

భూదవ్వ పుట్టినప్పటినుంచి బీడీల ఇంటి మనిషి. చదువు రెండో తరగతితో అయిపోయింది గానీ, కత్తెర పడితే ఆ ఊళ్ళో ఆమెకు సాటి ఎవరో చెప్పమనేది. తునికాకు ఈనె పక్కన చిరగకుండా కత్తిరించే చేతికి కాగితం ఒక లెక్కా? మర్నాడు బీడీకట్టలకు చుట్టే పలుచటి కాగితం తెచ్చి, కారు కిటికీల వంపులు, తలుపుల మీద గీతలు చూసుకుంటూ కత్తిరించి ఇచ్చింది. కాగితం పలుచన, కోత నిక్కం, అతుకు గట్టి. అయినా కాగితం ఎత్తి చూస్తే చీమకాళ్ళు తగ్గాయి గానీ పోలేదు.

పోగొట్టింది అజ్మత్ బీయే. ఒకసారి కాగితం అతికించాక, మీగడ రంగు కుంచె చేయి జారి కాగితం అంచుమీద పడింది. చెడిపోయిందనుకుంటూనే దానిమీద పచ్చ వేసింది. కాగితం ఎత్తితే, ఆ మీగడ పడ్డచోట ఒక్కచోటే అంచు చాకుతో కోసినట్టు వచ్చింది. మిగతా అంతా చీమకాళ్ళే. ఆ రోజు ఆమె వంట చేయలేదు. భూదవ్వ ఇంటినుంచి తాహేరాకు జొన్నరొట్టె పోయింది. పొద్దుగూకే వేళకు అజ్మత్ బీ గల్లీ దాటి వచ్చి, బీడీల చాట ముందు కూర్చొని చెప్పింది.

“అక్కా, కాగితం కిందికి కారేది ఎట్లనన్న కారుతది. ముందుగాల కింది రంగునే కారనిస్తే? సందులన్నీ అదే నింపుతది. ఇగ పచ్చకు జాగేది? కారింది మీగడ మీద మీగడే, ఎవనికి కనవడుతది?”

భూదవ్వకు ఆ మాట అర్థం కావడానికి రెండు బీడీలు చుట్టేంత సేపు పట్టింది. అర్థమయ్యాక, ఇంత తెలివి పెట్టుకొని నల్లాకాడ నోరు మూసుకొని ఎందుకుంటావని తిట్టింది.

అప్పటినుంచి అదే పద్ధతి. లేత రంగు, కాగితం, కాగితం అంచు వెంట మళ్ళీ అదే లేత రంగు సన్నగా ఒక పూత, దానిమీద ముదురు రంగు. ముదురు రంగు పూర్తిగా ఆరకముందే, చేతికి అంటనంతగా బిగిసినప్పుడు కాగితాన్ని వెనక్కి మడిచి మెల్లగా ఎత్తాలి. ఎత్తేవేళకు భూదవ్వ అక్కడ ఉండాలి. అదొక ఆచారంలా అయిపోయింది. అజ్మత్ బీ కాగితం తీసి కారును ఆమె చేతికిచ్చేది. భూదవ్వ గుమ్మం వెలుతురులో పట్టుకొని, ఒక కన్ను మూసి, అంచు పొడుగునా చూసి తీర్పు చెప్పేది. బాగుంటే ఊ అనేది. బాగాలేకపోతే ఆ గల్లీ అంతటికీ వినబడేది. ఒకసారి జీపు మీద అంచు కొంచెం పక్కకు పోతే, ఇది మీ మరిది నెత్తిమీద పాపిడిలా ఉందంది. అజ్మత్ బీ నవ్వి, జీపు రంగంతా గీకేసి మళ్ళీ మొదలుపెట్టింది. బాధపడేది కాదు. ఊరికే మెచ్చుకునేవాళ్ళు గల్లీలో చాలామందే ఉన్నారు, వాళ్ళ చేతికి ఆమె ఒక్క కారు కూడా ఇచ్చేది కాదు.

రాజంపేట నుంచి లారీవాళ్ళు వచ్చారు, బాన్సువాడ వైపు నుంచి ట్రాక్టరువాళ్ళు వచ్చారు. నల్లగీత లేని బండి కావాలంటే స్టేషన్ వెనక గల్లీకి పోవాలని పేరు పడింది.

ఆ పేరే తర్వాత ఆ ఇంటిని నిలబెట్టింది. కువైట్ మీద యుద్ధం వచ్చిన ఏడు అబ్బాస్ కట్టుబట్టలతో తిరిగొచ్చాడు. ఎడారిలో ఎన్నాళ్ళో బస్సులో కూర్చొని, నేలమీద పడుకొని, నడుము పోగొట్టుకొని వచ్చాడు. లారీ ఎక్కనని అనలేదు, ఎక్కితే దిగలేడని అందరికీ తెలుసు. మంచి మనిషి. పెండ్లాం సంపాదిస్తుంటే ముఖం ముడుచుకునే రకం కాదు. స్వామిదాసు దగ్గరినుంచి చెక్కబండ్లు మోసుకొచ్చేవాడు, రంగు డబ్బాల మూతలు తీసిపెట్టేవాడు, చాయ్ పెట్టేవాడు. ఈ మాత్రం చేసే మొగుడు నాకు దొరికి ఉంటే నా నోరు ఇంత పెద్దదయ్యేదా అని భూదవ్వ అతని ముఖం మీదే అనేది.

తాహేరాకు పెండ్లయి పోయిన కొన్నాళ్ళకు అజ్మత్ బీలో ఏదో మార్పు వచ్చింది. మిట్టమధ్యాహ్నం పని చేస్తూ, మబ్బు పట్టిందా అక్కా అని అడిగేది. బయట ఎండ నిప్పులు చెరుగుతుండేది. బియ్యంలో రాళ్ళు ఏరే పని మొగుడికి అప్పగించింది. భూదవ్వ చూసింది, కానీ వయసన్నాక అందరికీ ఉండేదే అనుకుంది. పని మాత్రం ఎప్పటిలాగే నిక్కంగా వచ్చేది.

ఆ ఏడు మార్కండేయ తన పాత అంబాసిడర్‌ను నస్రుల్లాబాద్ మనిషికి అమ్మేసి వ్యాన్ కొన్నాడు. పైన తెలుపు, కింద నీలం. కొన్న మర్నాడే వచ్చి చిన్న వ్యాన్ చెయ్యమన్నాడు. దీనికి ఇంకా ఏ బర్రే తగల్లేదు బీబీ, జాగ్రత్తగా చెయ్యి అని నవ్వి పోయాడు.

రంజాన్ ముందు రోజులు. అబ్బాస్ ఆ నడుము నొప్పితోనే గదికి సున్నం వేశాడు. వేసి ఊరుకోలేదు, పెండ్లాం రంగుల గూడు దులిపి, డబ్బాలు తుడిచి, పెద్దవి వెనక, చిన్నవి ముందర ముద్దుగా సర్దిపెట్టాడు. అజ్మత్ బీ చూసి మంచి పని చేశావంది. మూడోనాడు వ్యాన్ మీద పని ముగించి, కాగితం ఎత్తే వేళకు భూదవ్వను పిలిచింది.

భూదవ్వ వ్యాన్‌ను గుమ్మం వెలుతురులో పట్టుకుంది. ఒక కన్ను మూసి చూసింది. పైన తెలుపు తెల్లగా ఉంది. కింద నీలం నీలంగా ఉంది. రెంటికీ నడుమ, అంచు పొడుగునా, బీడీకి కట్టే దారమంత సన్నగా మీగడ రంగు పోగు ఒకటి ఉంది. అంచు నిక్కంగానే ఉంది. పోగు కూడా నిక్కంగానే ఉంది. కానీ ఉంది.

భూదవ్వ తలెత్తి గూడువైపు చూసింది. ఎన్నో ఏండ్లుగా తెల్ల డబ్బా ఉండేచోట ఇప్పుడు మీగడ డబ్బా ఉంది. పైన తెలుపు అబ్బాస్ గూడు సర్దకముందు వేసింది, నీలం ముదురు గనక పోల్చుకుంది, కాగితం అంచు వెంట మాత్రం తెలుపుకు బదులు మీగడ రంగు పూసింది. అంటే అజ్మత్ బీ డబ్బాల్ని రంగును బట్టి తీయడం లేదు, చోటును బట్టి తీస్తోంది. ఎంతకాలంగానో తెలియదు. తెలుపు ఏదో మీగడ ఏదో పక్కపక్కన పెట్టుకున్నా ఆమెకు తెలియడం లేదు. ఈ ఇంటికి ఆ అంచు తప్ప ఇంకో ఆధారం లేదు.

అబ్బాస్ చాయ్ తెచ్చి ముందు పెట్టాడు. తాను సర్దిన గూడును చూసుకొని మురిసిపోతున్నాడు. భూదవ్వ నోటికి ఏనాడూ అడ్డం పడనిది ఏదో ఆనాడు అడ్డం పడింది.

బాగుంది అంది.

ఆ పూటే మార్కండేయ వచ్చాడు. తువ్వాల పరిచి దానిమీద వ్యాన్ పెట్టుకున్నాడు. ఎడమపక్క చూశాడు, కుడిపక్క చూశాడు. బొటనవేలు అంచుమీద పోగు వెంట మెల్లగా పోయి ఆగింది. అతను అజ్మత్ బీ వైపు చూశాడు. ఆమె ఆ వ్యాన్ వైపు కాకుండా అతని గొంతు వచ్చేవైపు చూస్తోంది. తర్వాత అతను భూదవ్వ వైపు చూశాడు. భూదవ్వ చాయ్ గ్లాసులోకి చూసుకుంది. శానా మంచిగుంది బీబీ, శుక్రవారం మా ఇంటామెను తీసుకొచ్చి ఆమె చేతనే తీసుకుపోతాను అన్నాడు. ఒక్క వంక పెట్టలేదు. వెళ్ళేటప్పుడు చెప్పులు కూడా చప్పుడు చేయకుండా తొడుక్కున్నాడు.

అబ్బాస్ అతన్ని సాగనంపడానికి మలుపుదాకా పోయాడు. అజ్మత్ బీ లేచి తలుపు దగ్గరకు వేసింది. మళ్ళీ వచ్చి కూర్చొని, వ్యాన్‌ను ఒళ్ళోకి తీసుకొని, అంచుమీద గోరు పెట్టి రాసింది. గోటికి ఏమీ తెలియలేదు.

“మార్కండేయ కొట్లాడలే,” అంది. “నువ్వు నోరు తెరువలే. దీనికి ఏమో అయింది.”

భూదవ్వ మాట మార్చడానికి చాయ్‌లో చక్కెర ఎక్కువైందంది. అజ్మత్ బీ వినలేదు. తనే చెప్పుకుపోయింది. నిజామాబాద్ పోయి చూపించుకుందట. బిడ్డ దగ్గరికి పోతున్నానని చెప్పి పోయింది. రెండు కండ్లలో పొర ఉందట. ఇంకా పండలేదు, పండినాక కోస్తాం, అప్పటిదాకా ఇంతే అన్నారట. అబ్బాస్‌కు చెప్పలేదు. చెబితే ఆ మనిషి ప్రేమకొద్దీ కుంచె లాక్కొని దాచేస్తాడు, ఇల్లు గడవడానికి ఆ నడుముతోనే లారీ ఎక్కుతాడు. ఎక్కిననాడు ఇంటికి మనిషి వస్తాడో చాపలో చుట్టి తెస్తారో. అందుకే డబ్బాల చోట్లు గుర్తుపెట్టుకొని పని నడిపిస్తోంది. కోతలు ఎట్లాగూ భూదవ్వవే, అతుకు వేలికి తెలుస్తుంది, పూత చేతికి తెలుస్తుంది. అంచు ఎలా వచ్చిందో మాత్రం భూదవ్వ ఊ అంటేనో తిడితేనో తెలుస్తోంది.

ఇన్నాళ్ళూ తాను గుమ్మంలో చెప్పిన తీర్పుల మీద ఈ పిల్ల ఇంత బరువు వేసుకొని కూర్చుందని భూదవ్వకు తెలియదు. తెలిస్తే బహుశా భయపడి ముందే మెత్తబడి ఉండేది. భయపడడం, మెత్తబడడం ఆమెకు చేతకాని పనులు. ఆ రోజు రెండూ ఒకేసారి మీద పడ్డాయి.

“అక్కా, నాకు కండ్లు గమ్మని నిన్ను అడుగుత లేను. డబ్బాలు మళ్ళ నేను సదురుకుంట. నాకు నీ నోరు గావాలె. పొర పండేదాక, అంచు చెడ్డనాడు చెడ్డదని చెప్పు. గల్లీకంత ఇనవడేటట్టు చెప్పకు గని, నాకైతే చెప్పు. నా మీద జాలివడి బాగుందన్నవనుకో, నాకు ఇగ అంచే లేనట్టు. ఒకనాడు నాతోని కాదనిపిస్తే అది గూడ నువ్వే చెప్పాలె. మార్కండేయ అసొంటోళ్ళు చెప్పులు చప్పుడుగాకుంట ఏసుకొని పోయేటట్టు చెయ్యకు.”

భూదవ్వ చాయ్ గ్లాసు కింద పెట్టింది. బయట అబ్బాస్ తిరిగొస్తున్న అడుగుల చప్పుడు మలుపు దగ్గర వినబడింది.

అజ్మత్ బీ తలుపు మళ్ళీ బార్లా తెరిచి, గుమ్మం వెలుతురులోకి జరిగి, వ్యాన్‌ను భూదవ్వ చేతిలో పెట్టింది.

“ఇగో, దీంతోనే మొదలువెట్టు. ఏమైంది దీనికి?”